నడిచే శవాలు, తాత తుపాకి

మా అబ్బాయికి పరీక్షలైపోయిన ఈ వేసవిలో, రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కలిసి ‘ద వాకింగ్ డెడ్’ అనే అమెరికన్ ధారావాహికను మొదటినుండి చూడడం ప్రారంభించాము. 2010 అక్టోబరు 31న మొదలై 2022 నవంబరు 20న ముగిసిన, 11 సీజన్ల, 177 భాగాల ఉద్గ్రంథమది. మా ఆవిడ దీనికి ‘శవజాగరణ’ అని పేరు పెట్టి, మొదటి రాత్రే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొన్నది.

చూడనివారికోసం రెండు మాటలు. చచ్చినవాళ్ళు లేచి తిరుగుతుంటారు. కనబడ్డవాళ్ళను కరిచి తింటారు. గుండెలో పొడిచినా, కాళ్ళు నరికినా చావరు. తల పగిలి మెదడు చెడితేనే పడిపోతారు. ఈ నియమం 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ నాటినుండి ఉన్నదే. రాబర్ట్ కిర్క్‌మన్ 2003లో మొదలుపెట్టిన బొమ్మల కథ దీనికి ఆధారం. జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగరం చుట్టుప్రక్కల, రిక్ అనే పోలీసు అధికారి, అతని వెంట చేరిన కొంతమంది ఎలా బ్రతికి బయటపడ్డారన్నదే కథ.

శవాలు నడుస్తున్న కథలో వాస్తవికత గురించి మాట్లాడడమేమిటని మీరు నవ్వవచ్చు. కాని మనం చిన్నప్పుడు చందమామలో బేతాళకథలు చదివినవాళ్ళమే కదా! భుజం మీది శవం కథ చెబుతుందంటే మారుమాట లేకుండా ఒప్పుకొన్నాము. అదే విక్రమార్కుడు శ్మశానానికి బయలుదేరేటప్పుడు కత్తి ఇంట్లో మరచిపోయి, చెట్టు దగ్గరకు వెళ్ళగానే అది చేతిలో ప్రత్యక్షమైతే మాత్రం ఒప్పుకొనేవాళ్ళం కాము. ఒక అసాధ్యాన్ని అరువిచ్చిన పాఠకుడు, మిగిలినదంతా కచ్చితంగా వసూలు చేసుకొంటాడు. ఈ ధారావాహికలో నేను వసూలు చేసుకోబోయినది ఆయుధాల లెక్క. మా అబ్బాయి విసుక్కొనేటంతగా ఆ పని చేశాను. ఎందుకన్నది చివర చెబుతాను.

ముందు తూటాల సంగతి. రెండవ సీజను చివరి భాగంలో, 2012లో ప్రసారమైనది, హర్షల్ అనే వృద్ధుడు తన పొలాన్ని కాపాడుకోవడానికి ఇంటి ముందు నిలబడి షాట్‌గన్ పేలుస్తాడు. పేలుస్తూనే ఉంటాడు. అటువంటి తుపాకిలో మామూలుగా పట్టేది నాలుగు నుండి ఎనిమిది తూటాలు. ఆయన మాత్రం ఒక్కసారైనా తూటా నింపినట్లు కనబడదు. అది తుపాకి కాదు, అక్షయతూణీరం. అదే భాగంలో మిగిలినవాళ్ళు కదిలే వాహనాలలోనుండి, చీకట్లో, పిస్తోళ్ళతో కాల్చి, తలలకే గురిపెట్టి కొడతారు. కొందరైతే అంతకుముందు తుపాకి పట్టి ఎరుగనివారు! శిక్షణ పొందిన పోలీసులు కూడ నిజమైన కాల్పులలో కొట్టినవాటికంటె తప్పినవే ఎక్కువని అమెరికాలోని అధ్యయనాలు ఎన్నోసార్లు చూపించాయి. ఎదుటివాడు కదులుతుంటే, మన చెయ్యి వణుకుతుంటే, ఏడంగుళాల వెడల్పున్న తలను కొట్టడం సామాన్యం కాదు.

రిక్ చేతిలో ఉండే కోల్ట్ పైథాన్ రివాల్వరు మాత్రం అందమైనది. 1955లో మొదటిసారి వచ్చి, 2005లో తయారీ ఆగి, 2020లో తిరిగి మొదలైన నమూనా. కిలోకు పైగా బరువు, ఆరు తూటాలు. కథానాయకుని మెరుపంతా ఆ తుపాకిలో ఉన్నది కాని, పారిపోతూ, చెమటపట్టిన వేళ్ళతో, ఆరేసి తూటాలు మార్చుకొంటూ ఉండవలసిన మనిషి ఎన్నుకోదగిన ఆయుధం కాదు. అయినా పోలీసువాడు తనకు అలవాటైనదాన్ని వదలలేడన్నది నాకు నమ్మదగినట్లే తోచింది. పాత సైకిలును వదలలేక మా పెదనాన్న పడిన అవస్థలు చూసినవాణ్ణి నేను.

తరువాత కత్తులు. మిషోన్ అనే పాత్ర జపాను ఖడ్గం, కటానా, ధరిస్తుంది. నటి డనాయ్ గురిరా అది త్రిప్పుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. ఒక్క వేటుకు రెండు మూడు తలలు. ఆ ఖడ్గం పదును గొప్పదే, కాదనను. జపానులో దానితో నరకడం అభ్యసించేవారు నీళ్ళలో నానబెట్టి చుట్టిన గడ్డిచాపల మీద అభ్యసిస్తారు. అయితే అది తుప్పు పట్టే ఉక్కు. రక్తం తుడవాలి, నూనె రాయాలి. సంప్రదాయంగా వాడే నూనెకు లవంగాల వాసన ఉంటుంది. పుర్రె ఎముక మీద పదేపదే దించితే అంచు పెళ్ళలు ఊడుతుంది. ఆమె ఏళ్ళ తరబడి అడవుల్లో తిరుగుతుంది. ఖడ్గాన్ని శుభ్రం చేసుకోవడం ఎప్పుడో ఒకసారి చూపిస్తారు కాని, అంత వాడకానికి అది చాలదు.

ఇక మామూలు చాకులు. ఎవరి చేతిలో చూసినా జానెడు చాకు. శవం మీదికి వస్తుంది, కణతలో పొడుస్తారు, వెన్నలో దిగినట్లు దిగుతుంది, అంత సులువుగానూ బయటికి వస్తుంది. శవాలు కుళ్ళిపోయి ఎముక మెత్తబడిందని సమర్థించేవారున్నారు. ఎముక అంత త్వరగా మెత్తబడదు. ఆదివారం తలకాయ కూరకు వెళ్ళినవారిని అడగండి. చింతమొద్దు మీద మేకతలను పెట్టి, రోజూ అదే పని చేసే మనిషి, మణుగు బరువున్నట్లుండే కత్తితో కొట్టినా ఒక్క దెబ్బకు విచ్చుకోదు. కొబ్బరిబొండాల బండి దగ్గర నిలబడ్డా తెలుస్తుంది. కత్తి దిగడం ఒక ఎత్తు, దిగిన కత్తిని అటూ ఇటూ కదిపి ఊడబెరకడం మరొక ఎత్తు. ఆ రెండవ పనికి పట్టే రెండు క్షణాలలో ప్రక్కనున్న శవం మన భుజం కొరుకుతుంది. నన్నడిగితే ఈ ధారావాహికలోని అన్నిటికన్నా పెద్ద అబద్ధం తూటాలు కాదు, ఊడివచ్చే చాకులు.

(మన సినిమాలలో వేటకొడవళ్ళు ఇంతకంటె నిజాయితీగా ఉన్నాయని నేననడం లేదు. 2021లో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ సీమ ఫ్యాక్షన్ కథను జాంబీల కథతో ముడివేసినప్పుడు, ఇన్నాళ్ళకు ఆ కొడవళ్ళకు తగిన శత్రువులు దొరికారని నవ్వుకొన్నాను.)

మెచ్చుకోవలసినవి చెప్పకపోతే అన్యాయమవుతుంది. డారిల్ వాడే క్రాస్‌బౌ అనే యంత్రపు విల్లు చప్పుడు చేయదు. బాణాన్ని శవంలోనుండి పీకి తుడిచి మళ్ళీ వాడుకొంటాడు. ప్రతిసారీ విల్లును కాలితో తొక్కిపట్టి నారి లాగవలసిన శ్రమ కూడ అక్కడక్కడ చూపించారు. ఏడవ సీజనులో యూజీన్ అనేవాడు కార్ఖానాలో ఒకే ఒక్క తూటా తయారుచేస్తాడు. ఆ ఒక్కదాని కోసం అంత తర్జనభర్జన జరగడం నాకు నచ్చింది. రోజీటా దానిని నీగన్ మీద పేల్చితే అది అతనికి తగలక, ముళ్ళతీగ చుట్టిన అతని బేస్‌బాల్ బ్యాటులో గుచ్చుకొంటుంది. తూటా అంటే నిజానికి అదే. వాడిన ఇత్తడి తొడుగును ఏరుకొని మళ్ళీ నింపవచ్చు, సీసాన్ని కరిగించి పోయవచ్చు. కాని పొగరాని మందు, అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ ఇంట్లో అయ్యే పనులు కావు. వాటి వెనుక ఆమ్లాల కర్మాగారాలు, రైళ్ళు, గుమస్తాలు, ఒక నాగరికత మొత్తం ఉంటుంది. అది కూలిపోయిన రోజునుండి ప్రతి తూటా కరిగిపోతున్న వారసత్వమే. పొడిగా దాచిన తూటాలు దశాబ్దాలు నిలుస్తాయి గనుక ఆయుధాలకంటె ముందు పెట్రోలు చెడిపోతుంది. 2018లో వచ్చిన తొమ్మిదవ సీజను మొదటి భాగంలో వీళ్ళంతా వాషింగ్టన్‌లోని మ్యూజియంలో దూరి, అద్దాల వెనుకనున్న నాగలిని, గూడుబండిని మోసుకొస్తారు. 177 భాగాలలో నేను లేచి చప్పట్లు కొట్టినది ఆ ఒక్కచోటనే. అప్పటినుండి గుర్రాలు, ఈటెలు, విల్లంబులు. కథ దారిలో పడింది.

కొరియా వాళ్ళు ఈ విషయంలో ఇంకా శ్రద్ధగలవారు. 2019లో వచ్చిన ‘కింగ్‌డమ్’ జోసన్ రాజుల కాలపు కథ. అందులో యోంగ్ షిన్ అనే పులివేటగాడు ఒత్తి అంటించి పేల్చే తుపాకి వాడతాడు. పేలినదాకా ఒక బెంగ, పేలిన తరువాత మళ్ళీ కూరేదాకా మరొక బెంగ. 2022 నాటి ‘ఆల్ ఆఫ్ అజ్ ఆర్ డెడ్’ ఒక బడిలో జరుగుతుంది. ఆ దేశంలో సామాన్యుల చేతుల్లో తుపాకులు ఉండవు గనుక పిల్లలు నేల తుడిచే కర్రలతో, బల్లలతో, విలువిద్య నేర్చుకొనే విద్యార్థుల బాణాలతో పోరాడతారు. ఆయుధం ఊరిని బట్టి ఉండాలి. వాళ్ళకు అది తెలుసు.

ఇక చప్పుడు.

మొదటి భాగంలోనే రిక్ ఒక యుద్ధ ట్యాంకులో ఇరుక్కొని, లోపల లేచిన శవాన్ని తుపాకితో కాలుస్తాడు. ఇనుపపెట్టెలో పేలిన ఆ చప్పుడుకు అతనికి దిమ్మతిరిగి, చెవులు గింగురుమని, కాసేపు ఏమీ వినబడదు. మనకూ వినబడనివ్వరు. ఎంతో బాగా తీశారు. కాని తరువాత ఆ సంగతి దాదాపు మరచిపోయారు. గదుల్లో, సొరంగాల్లో, జైలు వసారాల్లో వేలకొద్దీ తూటాలు పేలుతాయి. పేలిన మరుక్షణం అందరూ గుసగుసగా మాట్లాడుకొంటారు, ఆ గుసగుసలు అందరికీ వినబడతాయి! తుపాకి చప్పుడు సాధారణంగా 140 డెసిబెల్స్ పైమాటే, కొన్నిటికి 160 దాటుతుంది. 85 దాటిన చప్పుడులో రోజంతా పనిచేస్తేనే చెవులకు ముప్పని కర్మాగారాలలో జాగ్రత్తలు చెబుతారు. 140 దాటితే ఒక్క దెబ్బ చాలు. గొట్టం చివర బిగించే నిశ్శబ్దయంత్రాలు కూడ 20 నుండి 35 డెసిబెల్స్ తగ్గిస్తాయే తప్ప, సినిమాలలోలాగ తుమ్మును ఆపుకొన్నట్లు ‘తుస్సు’మనిపించవు. చప్పుడుకు శవాలు గుమిగూడతాయన్నది ఈ కథకు ప్రాణం. మరి ఆ చప్పుడు బ్రతికున్నవాళ్ళ చెవులను ఏం చేసింది? నా లెక్క ప్రకారం మూడవ సీజనుకే ఆ బృందంలో సగం మందికి చెముడు రావాలి.

కుడిచేతివాటం మనిషి పెద్ద తుపాకి పేల్చితే ముందు పోయేది ఎడమ చెవి. బుగ్గను తుపాకి కర్రకు ఆనించి గురిచూసేటప్పుడు ఎడమ చెవి గొట్టం మూతికి దగ్గరగా, ఎదురుగా ఉంటుంది. కుడి చెవి తల చాటున దాగుతుంది. వేటగాళ్ళలో, సైనికులలో వైద్యులు తరచుగా గమనించే తేడా ఇది. నాకు వైద్యులు చెప్పకముందే తెలుసు. మా ఇంట్లో పిల్లలం తాతకు ఎప్పుడూ కుడివైపునే కూర్చొనేవాళ్ళం.

మాది గిద్దలూరు దాటాక నల్లమల అంచునున్న పల్లె. మా తాతకు పంట కాపాడుకొనేందుకు లైసెన్సు ఇచ్చిన ఒంటిగొట్టం తుపాకి ఒకటి ఉండేది. 1959 నాటి ఆయుధాల చట్టంలో పంటరక్షణకు మూతినుండి మందు కూరే తుపాకులకు అనుమతి ఇచ్చే నియమం ఉన్నది. గొట్టం మూతినుండి నల్లమందు పోసి, కొబ్బరిపీచు కుక్కి, గజంతో దట్టించి, వెనుక ఉండే చిన్న ముక్కుకు చిటికెనవేలి గోరంత రాగి టోపీ తొడగాలి. అప్పుడు గుర్రం ఎత్తి మీట నొక్కాలి. అంతా సవ్యంగా జరిగితే పేలుతుంది. ముసురుపట్టిన రాత్రి చాలాసార్లు జరగదు. వేరుశనగ చేనులో అడవిపందులు పడితే ఒక్క రాత్రిలో నాగలి పెట్టి దున్నినట్లు కుళ్ళగిస్తాయి. తాత నూటికి తొంభైసార్లు గుండ్లు వేయకుండా వట్టి మందే పేల్చేవాడు. ఆయన ఆయుధం తుపాకి కాదు, చప్పుడు. నలభై ఏళ్ళపాటు ఆ చప్పుడు పందులను తరిమింది, ఆయన ఎడమ చెవిని తినేసింది.

1979 ఆశ్వయుజ మాసంలో, నాకు తొమ్మిదేళ్ళు, కావలికి నన్నూ తీసుకువెళ్ళాడు. అవ్వ వద్దన్నది. నేను ఏడ్చి సాధించుకొన్నాను. సన్నటి తుంపర. ఆ వారంలో పందులు రెండుసార్లు పడ్డాయి గనుక ఆ రాత్రి తాత మందు మీద గుండ్లు కూడ వేశాడు. మంచె దిగి ఇద్దరం గట్టు మీద నిలబడ్డాము. బ్యాటరీ లైటు నా చేతిలో ఉన్నది. చేనులో గురగుర వినబడింది. తాత గుర్రమెత్తి నొక్కాడు. టోపీ మాత్రం టప్‌మన్నది. తడిసిపోయింది. ‘కదలొద్దురా అబ్బాయా’ అని, గొట్టం చేను వైపే ఉంచి, రొంటినుండి ఇంకొక టోపీ తీసి తొడగసాగాడు.

ఆ గాబరాలో నా చేతిలోని లైటు జారి, గట్టు మీదినుండి దొర్లి, ఆరిపోయి, ముందున్న సాలులో పడింది. అది తాత ప్రాణపదంగా చూసుకొనే లైటు. నేను ఎడమవైపునుండి గట్టు దిగి, వంగి వెదకడం మొదలుపెట్టాను. ‘తాతా, ఉండు’ అన్నాను. చేతికి లైటు తగిలింది. మీట నొక్కాను. వెలిగింది.

సరిగ్గా అప్పుడే తుపాకి పేలింది.

గుండ్లు నా తలకు ఎంత ఎత్తులో పోయాయో నాకు తెలియదు. తెల్లవారి చూస్తే అవతలి కందిసాలులో నాలుగైదు మొక్కలు విరిగి ఉన్నాయి, నా నడుమెత్తున. నేను వంగి ఉన్నాను గనుక బ్రతికాను. ఆ క్షణంలో మాత్రం తెల్లటి వెలుగు, తరువాత రెండు చెవుల్లోనూ కీచురాయి అరచినట్లు ఒకటే మోత. తాత తుపాకి పారేసి సాలులోకి దూకాడు. నా తల, మెడ, వీపు, చేతులు తడిమాడు, మళ్ళీ తల తడిమాడు. లైటు వెలుగులో ఆయన నోరు కదులుతున్నది. నాకేమీ వినబడలేదు. నేనేదో అంటున్నాను, ఆయనకు వినబడుతున్నట్లు లేదు. మాటలు పోయిన ఇద్దరం బురదలో కూర్చున్నాము. పందులు ఎప్పుడు పోయాయో గమనించలేదు.

మోత మూడు రోజులకు తగ్గింది. ‘అవ్వకు చెప్పొద్దు’ అన్నది, వినబడడం మొదలయ్యాక తాత నాతో అన్న మొదటి మాట.

1980 జనవరిలో లోక్‌సభకు మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు ఆయుధాలన్నీ పోలీసు ఠాణాలో అప్పగించాలి. డిసెంబరులో తాత తుపాకిని గోనెపట్టాలో చుట్టి తీసుకువెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఎన్నికలయ్యాక అందరూ తెచ్చుకొన్నారు. ఆయన పోలేదు. లైసెన్సు తిప్పలు పడలేనన్నాడు, కాళ్ళనొప్పులన్నాడు. తరువాతి పంటలో రెండెకరాలు పందులపాలైతే ఊరివాళ్ళంతా పిచ్చివాడన్నారు, మా నాన్నతో సహా. తాత కిరసనాయిలు డబ్బాలు కట్టి తాడులాగి మోగించుకొంటూ కావలి కాశాడు. 1991లో పోయేదాకా ఆయన ఆ మాట ఎవరితోనూ అనలేదు, నేనూ అనలేదు.

మొన్న తొమ్మిదవ సీజను నడుమ కానీ అనే కొత్త పాత్ర వచ్చింది. చెవులు వినబడని స్త్రీ. ఆ పాత్ర వేసిన లారెన్ రిడ్లాఫ్ కూడ వినికిడి లేని నటి. ఆమె ఆయుధం ఉండేలు. మనం జామకాయలు కొట్టిన ఉండేలే! చప్పుడు లేదు, మందు అక్కరలేదు, రాళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి. ఆమె కళ్ళతోనే అన్ని దిక్కులూ కాచుకొంటుంది. ఆమె దృష్టికి అందని వెనుకవైపునుండి శవం వస్తుంటే నేను కుర్చీలోనుండి లేచి, ‘వెనకాల’ అని గట్టిగా అరిచాను. మా అబ్బాయి ఆపి, ‘ఏమైంది నాన్నా?’ అని అడిగాడు. అప్పుడు చెప్పాను, నలభై ఏళ్ళు దాటాక, మొదటిసారిగా.

వాడు అంతా విన్నాడు. వాళ్ళమ్మ కూడ ఎప్పుడు వచ్చిందో, తలుపు దగ్గర నిలబడి విన్నది. కాసేపాగి వాడు ఒక ప్రశ్న అడిగాడు: ‘ముత్తాతకు వినబడలేదు, సరే. నువ్వు ఎంత గట్టిగా పిలిచావు నాన్నా?’

గట్టిగా పిలిస్తే పందులు బెదిరి పారిపోతాయని, తాత కోప్పడతాడని భయం నాకు. పెదవులు కదిపిన గుర్తు ఉన్నది. గొంతు విన్న గుర్తు లేదు. కుడిచెవి బాగానే వినబడే మనిషి ఆయన.